అప్పలనాయుడి సూది, గౌరమ్మ చుట్ట

కొత్తగా ఉద్యోగంలో చేరిన డాక్టర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతూ, "మేడమ్, ఎక్కడెక్కడ పనిచేశారు, ఎప్పుడు ఏ పోస్టులోకి వచ్చారు" అని మర్యాదగా అడుగుతారు. అవన్నీ చెప్పుకుంటూ పోతే నాకే ఆవలింతలొస్తాయి. బదిలీలు అందరికీ అవుతాయి. ప్రమోషన్లు ఓపిగ్గా కూర్చుంటే వాటంతట అవే వస్తాయి. వాటి కోసం కాగితాలు ఖరాబు చెయ్యడం దేనికి?

నేను చెప్పాలనుకున్నది ఒక జబ్బు గురించి, ఒక మందు గురించి, ఆ రెండింటి మధ్యా ఇరుక్కున్న ఒక తల్లీకొడుకుల గురించి. జబ్బు స్క్రబ్ టైఫస్. మందు స్టిరాయిడ్. తల్లి పేరు గౌరమ్మ, శృంగవరపుకోట దాటాక కొండవార ఊళ్ళో ఉంటూ జీడితోటల్లో కూలికి వెళ్ళే మనిషి. కొడుకు అప్పలనాయుడు, ఆ ఊరికి డాక్టరు. డాక్టరు చదువేమీ చదవలేదు గానీ, ఆ ఊళ్ళో ఎవరికి ఒళ్ళు కాలినా ముందు వెళ్ళేది అతని గుమ్మానికే. కొడుకు చేత్తో సూది వేయించుకున్న ఆ తల్లి బతికి బట్టకడుతుందా లేదా అన్నదే నేను చెప్పబోయే సంగతి. జ్వరాల వైద్యం అంటే ఏమిటో నాకు పుస్తకాల కంటే ఆ కొద్ది రోజులే ఎక్కువ నేర్పాయి.

సారు టార్చి

నన్ను జ్వరాల డాక్టర్ని చేసినవారు మా సూర్యారావు సారు. విజయనగరంలో నేను పనిచేసిన ఆసుపత్రిలో మెడిసిన్ విభాగానికి పెద్ద. సొంతూరు అరసవల్లి. మనిషి పొట్టి, గొంతు మాత్రం భారీ. వార్డు ఈ చివర ఆయన మమ్మల్ని తిడితే ఆ చివర మగతగా పడుకున్న రోగి కళ్ళు తెరిచేవాడు. తిట్టిన కాసేపటికి తనే పిలిచి, "టిఫిన్ తిన్నావా అమ్మా?" అని అడిగేవారు. తినలేదంటే దానికి మళ్ళీ తిట్లు.

స్టెతస్కోపు ఇంట్లో మరిచిపోయి వచ్చిన రోజులున్నాయి గానీ, సారు జేబులో టార్చి లేని రోజు నేను చూడలేదు. స్క్రబ్ టైఫస్ రోగి ఒంటి మీద పెచ్చు వెతకడానికి ఆ టార్చి.

ఆ సంగతి కొంచెం చెప్పాలి. ఈ జబ్బు తెచ్చేది కంటికి ఆనని ఒక పురుగు, నల్లి జాతిది. తుప్పల్లో, గడ్డిలో ఉంటుంది. వానలు పడ్డాక జీడితోటల్లో చెట్ల కింద తుప్పలు పెరిగిపోతాయి కదా, వాటిని కొట్టడానికి ఆడవాళ్ళు వెళ్తారు. అప్పుడు ఎక్కుతుంది. కుట్టినట్టు కూడా తెలీదు. ఒంటి మీద పాకుతూ పోయి, బట్ట బిగుతుగా ఉన్నచోట ఆగి కుడుతుంది. కొన్నాళ్ళకి అక్కడ నల్లటి పెచ్చు కడుతుంది. చుట్టూ ఎర్రటి అంచు. నిప్పు అంటుకుని కాలిన మచ్చలాగే ఉంటుంది. దాని వెనకే జ్వరం, తల బద్దలయ్యే నొప్పి.

మాయదారి పెచ్చు, ఎదురుగా కనబడే చోట ఉండదు. చంకలోనో, రొమ్ము కిందో, మొలతాడు కిందో, చీర కుచ్చిళ్ళు దోపుకునే చోటో దాక్కుంటుంది. మా కుర్ర డాక్టర్లు సిగ్గుపడి పైపైన చూసి, "ఏమీ లేదు సార్" అనేవారు. సారు ఆ టార్చి తీసి వాళ్ళ చేతిలో పెట్టి, "బట్ట కింద చూడనివాడు జ్వరం గురించి నాతో మాట్లాడొద్దు" అనేవారు. ఆడవాళ్ళ వంతు వస్తే తెర వేసి నన్ను లోపలికి తోసి, తను బయట నిలబడి, "వీపు చూశావా? మడమ చూశావా? మొల చుట్టూ చూశావా?" అని వార్డంతా వినబడేట్టు అడిగేవారు. లోపల రోగి, నేను ఇద్దరం సిగ్గుతో చచ్చేవాళ్ళం.

కానీ ఆ పెచ్చు దొరికిందంటే పరీక్ష రిపోర్టు కోసం ఆగే పని లేదు. క్రిమిని చంపే డాక్సీ మాత్రలు వెంటనే మొదలుపెట్టేయొచ్చు. మొదట్లోనే పడితే మనిషి ఇట్టే తేరుకుంటాడు. ఆలస్యమైతే జబ్బు ఊపిరితిత్తుల్లోకి, మెదడులోకి పాకుతుంది, ఆ తర్వాత మన చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. ఇంత చిన్న మాత్రలతో పోయే జబ్బుకి మనుషులు పోవడమేమిటని సారు ఉడికిపోయేవారు.

చెయ్యి మంచిది

ఎందుకు ఆలస్యమయ్యేదంటే, అప్పలనాయుడు లాంటివాళ్ళ వల్ల. అతని మీద నాకున్న కోపమూ ఇష్టమూ రెండూ ఇక్కడే రాసేస్తాను.

అతను కొన్నేళ్ళు పట్నంలో ఒక డాక్టరు దగ్గర కాంపౌండరుగా చేసి, సూది వెయ్యడం, సెలైన్ పెట్టడం నేర్చుకుని ఊరికి తిరిగొచ్చాడు. తెల్ల చొక్కా, మోటారు సైకిలు, దానికి వేలాడే మందుల సంచీ. ఏ వేళకి పిలిచినా పలుకుతాడు. ముసలివాళ్ళని బండి మీద తనే కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తెస్తాడు. డబ్బులివ్వలేనివాళ్ళ దగ్గర ఆనపకాయ తీసుకుని ఊరుకుంటాడు. మన ఓపీ మధ్యాహ్నానికి మూతపడుతుంది, అతని గుమ్మం మూతపడదు. ఇది ఒప్పుకోకుండా ఊరి డాక్టర్లని తిట్టేవాళ్ళంటే నాకు మంట.

అయితే ఏ జ్వరానికైనా అతని దగ్గర ఒకటే వైద్యం. ఒక నొప్పి సూది, అందులోనే కలిపి ఒక డెక్సా. డెక్సా అంటే స్టిరాయిడ్ మందు. ఆస్తమాకి, ఇంకా చాలావాటికి ప్రాణం పోసే మందే అది. కానీ క్రిమి పట్టిన ఒంట్లో అది చేసే పని వేరు. క్రిమితో ఒళ్ళు చేసే కొట్లాటలోంచే జ్వరం, నొప్పులు పుడతాయి. డెక్సా ఆ కొట్లాటని చల్లారుస్తుంది, క్రిమిని ముట్టుకోదు. సాయంత్రానికి రోగి లేచి కూర్చుని గంజి తాగుతాడు. "అప్పలనాయుడి సెయ్యి మంచిది" అని వీధి వీధంతా అనుకుంటుంది. మర్నాడు మళ్ళీ ఒళ్ళు కాలుతుంది, మళ్ళీ సూది. అలా పూటపూటా బాగున్నట్టే ఉండి, ఒకనాడు ఊపిరందని స్థితిలో మా దగ్గరికి వస్తారు.

అంతా మంచి మనసుతోనే జరుగుతుంది. అదే నాకు బాధ.

సారు లాటరీ

సారుకి అప్పట్లో ఒక ప్రశ్న పట్టుకుంది. మామూలు టైఫస్ రోగికి స్టిరాయిడ్ అక్కర్లేదు, ఆ మాటలో ఆయనకి అనుమానం లేదు. మరి బాగా ముదిరిపోయి, ఊపిరితిత్తులు నీరు పట్టినవాళ్ళ సంగతేమిటి? వాళ్ళలో ఆ కొట్లాటే ఒంటికి చేటు చేస్తుంది. క్రిమిని చంపే మందు ఇస్తూ, దానితోపాటు కొద్దిరోజులు స్టిరాయిడ్ ఇస్తే ప్రాణం నిలుస్తుందా, ఇంకా త్వరగా పోతుందా? పాతకాలం డాక్టర్లు కొందరు ఇచ్చి చూశారు. జ్వరం, తలనొప్పి తొందరగా తగ్గాయన్నారు. జ్వరం తగ్గడం వేరు, మనిషి బతకడం వేరు కదా! ఆ రెండోది ఎవరూ గట్టిగా తేల్చలేదని సారు బాధ.

తేల్చాలంటే ఒక్కటే దారి. ఒకేలాంటి రోగుల్లో కొందరికి ఇవ్వాలి, కొందరికి ఇవ్వకూడదు. ఎవరికి ఇవ్వాలో డాక్టరు ఎంచుకోకూడదు, చీటీ తీయాలి. పరిశోధనలకి అనుమతిచ్చే పై కమిటీ వాళ్ళు ఒప్పుకున్నారు. మా జనాన్ని ఒప్పించడమే కష్టమైంది. ఒక రైతు అయితే సారు ముఖం మీదే, "మా అయ్య పేణం లాటరీలో తీత్తారేటి బాబూ? సదువుకున్నోలు సేసే పనేనా ఇది?" అన్నాడు. సారుకి కోపం రాలేదు. మంచం మీద ఆ రైతు పక్కనే కూర్చుని, "ఏది మంచిదో నాకు తెలిస్తే మీ అయ్యకి అదే ఇచ్చేస్తాను. తెలీదు. తెలీని సంగతి తెలిసినట్టు చెప్పి ఇవ్వడం కంటే ఇది నయం కదా?" అన్నారు. రైతు చాలాసేపు ఆలోచించి తల అడ్డంగా ఊపాడు. సారు అతని భుజం తట్టి లేచి వచ్చేశారు.

దానికంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. లాటరీకి స్టిరాయిడ్ పడని రోగి కావాలి. మా దగ్గరికి వచ్చే ముదిరిన రోగులందరికీ అప్పటికే ఊళ్ళో డెక్సా పడిపోయి ఉండేది. "ఏటమ్మా ఇది! పరిశోధన మనం మొదలెట్టకముందే అప్పలనాయుడు చేసేస్తన్నాడు!" అని తలపట్టుకున్నారు సారు. కోపమొస్తే ఆయన నోట్లోంచి సొంతూరి మాట వచ్చేసేది.

చివరికి ఒక ఆదివారం నన్ను కారెక్కించుకుని ఆ ఊరికే బయల్దేరారు.

అప్పలనాయుడు మమ్మల్ని చూసి కంగారుపడి కుర్చీలు తుడిచాడు. అరుగు మీద ఒక పెద్దావిడ చుట్ట కాలుస్తోంది. అడ్డపొగ. మా వైపు ఆడవాళ్ళు చాలామంది అలాగే కాలుస్తారు, నిప్పు ఉన్న కొసని నోట్లో పెట్టుకుని. మా నాయనమ్మా అంతే. ఆవిడే గౌరమ్మ.

"ఒరే నాయుడూ, జ్వరానికి డెక్సా మానెయ్యి. సూది లేకుండా మా దగ్గరికి పంపు" అన్నారు సారు.

"నాను ఎయ్యకపోతే పక్కూరోడి కాడికెల్తారు బాబూ," అన్నాడు అప్పలనాయుడు, తల వంచుకునే. "నొప్పులకి మనిసి గిలగిల్లాడిపోతంటే సూత్తూ ఎలగూరుకుంటాను?"

గౌరమ్మ నోట్లోంచి చుట్ట తీసి, మా సారుని కిందికీ మీదికీ చూసింది. "ఏటి బాబూ, మా వోడి మందులో తప్పున్నాదంటావా? ఊరు ఊరంతా ఆడి సేతి మీద బతుకుతన్నాది. నీ ఆసుపత్రిలో గంట నిలబడితే గాని మొగం సూసీవోడుండడు."

ఆవిడ ఇచ్చిన టీ తాగి తిరిగొచ్చేశాం. దారిలో సారు, "ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేముందమ్మా" అన్నారు ఒక్కసారి, అంతే.

నిప్పు ఎటువైపు

వానలు తెరిపిచ్చిన ఒక పొద్దున, ఓపీ గుమ్మంలో ఆటో ఆగింది. అప్పలనాయుడు తల్లిని రెండు చేతుల మీదా ఎత్తుకుని లోపలికి పరిగెత్తుకొచ్చాడు. గౌరమ్మ రొమ్ము ఎగిరెగిరి పడుతోంది. పిలిస్తే కళ్ళు తెరుస్తోంది, మళ్ళీ మూస్తోంది. పెదాలు నల్లబడ్డాయి.

"జొరమొచ్చినాది మేడమ్. నానే సూదేసినాను. తగ్గిపోనాది. తోటకి కూడా ఎల్లినాది. మల్లీ వచ్చినాది, మల్లీ ఏసినాను, మల్లీ తగ్గినాది. ఇయ్యేల లెగిసేసరికి ఊపిరాడతం నేదు" అన్నాడు. మాట్లాడుతూనే ఏడుస్తున్నాడు.

ఒళ్ళు చూస్తే చల్లగా ఉంది. జ్వరం లేదు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు రెండూ తెల్లగా నిండిపోయాయి. జ్వరం లేదు కాబట్టి గుండెజబ్బు కావచ్చని మా డాక్టర్లలో ఒకరు, చుట్టలు కాల్చి కాల్చి ఊపిరితిత్తులు పాడయ్యాయని ఇంకొకరు. ఇలాంటప్పుడు పది అభిప్రాయాలు వస్తాయి, ఒక్కటీ రోగికి పనికిరాదు. నేను ఆక్సిజన్ పెట్టించి, తెర లాగి, వెతకడం మొదలుపెట్టాను.

కుడివైపు, చీర కుచ్చిళ్ళు దోపుకునే చోటికి కొంచెం పక్కగా, మందు పూసిన నల్లటి మచ్చ ఒకటి కనబడింది.

"నాయుడూ, ఇదేమిటి?"

తెర బయటి నుంచే చెప్పాడు. "సుట్ట కాలింది మేడమ్. నానే మందు రాసినాను."

"గౌరమ్మా, చుట్ట కాలిందా ఇక్కడ?"

మగతలోనే తల ఊపింది. "నిప్పు పడుంటాదమ్మా" అంది.

సరేననుకుని చీర కప్పబోయాను. అప్పుడు మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆవిడ పెదాలు కాల్చుకుంది, అంగిలి కాల్చుకుంది. నడుం కాల్చుకోవడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు. ఎలా కాలుతుంది? నిప్పు ఉండేది నోట్లో కదా!

"నాయుడూ, మీ అమ్మ కాల్చేది అడ్డపొగే కదా?"

"ఔను మేడమ్."

"ఎప్పుడైనా నిప్పు బయటికి పెట్టి కాల్చగా చూశావా?"

"నేదు మేడమ్. అలగ ఆవిడకి రుసుండదు."

"మరి నోట్లో ఉన్న నిప్పు నడుం మీద ఎలా పడింది?"

పుట్టిన దగ్గర్నుంచీ తల్లి నోట్లో చూస్తున్న చుట్ట అది. ఆ ఇంట్లో చుట్ట ఉంది, ఒంటి మీద నల్లమచ్చ ఉంది, రెండింటినీ కలిపేసుకున్నారు తల్లీ కొడుకూ. మా ప్రాంతంలో ఎవరింట్లోనైనా అదే జరిగేది.

మచ్చని వేలితో నొక్కాను. నొప్పి లేదంది. కాలిన పుండయితే ముట్టుకోనిస్తుందా? గజ్జలో బిళ్ళ కట్టి ఉంది. మందు తుడిచి చూస్తే ఎర్రటి అంచుతో సారు ఇన్నాళ్ళూ వెతికించిన పెచ్చు అక్కడే ఉంది. నేను "సార్!" అని అరిచిన అరుపుకి సిస్టర్ ట్రే కింద పడేసింది.

ఎవరి కోసం?

సారు వచ్చి చూశారు. సెలైన్లో క్రిమిని చంపే మందు మొదలైంది. ముక్కుకీ నోటికీ బిగుతుగా మాస్కు కట్టి గాలి ఒత్తిడితో ఊపిరి అందిస్తున్నాం. అయినా గౌరమ్మ ఆయాసం తగ్గలేదు.

అప్పలనాయుడు సారు కాళ్ళ మీద పడిపోయాడు. "ఒక్క డెక్సా ఎయ్యండి బాబూ. మీ కాల్మొక్కుతాను. నిన్న దానికే లెగిసి కూకున్నాది. నా కళ్ళతో సూసినాను."

సారు అతన్ని లేపి నిలబెట్టారు. "ఈ స్థితిలో అది మేలు చేస్తుందో కీడు చేస్తుందో నాకు తెలీదు నాయుడూ. అది తేల్చాలనే కదా నీ గుమ్మానికి వచ్చాను. ఒక్కటి మాత్రం తెలుసు. ఆ మందు మీ అమ్మ ఒంట్లోకి ఇప్పటికే చాలా పోయింది, జబ్బు ఆగలేదు. ఇప్పుడు క్రిమిని చంపే మందుకి కొంచెం టైమివ్వాలి."

నేను కంగారుగా సారుని పక్కకి పిలిచాను. "సార్, మనిషి పోయేట్టుంది. ఒక్క డోసు ఇద్దాం. పోయేదేముంది?"

సారు నా వైపు చూసి, గొంతు తగ్గించి అడిగారు. ఆయన గొంతు తగ్గించడం అదే మొదటిసారి. "ఎవరి కోసమమ్మా ఆ డోసు? ఆవిడ కోసమా, నీ కంగారు తగ్గడం కోసమా?"

కొత్తగా చేరిన డాక్టరు పిల్లలూ, ఈ ప్రశ్న మీరు ప్రతి సిరంజి ఎత్తే ముందూ వేసుకోండి. ఊరి డాక్టరు వేసే సూదుల్లో సగం రోగి ఏడుపు చూడలేక వేసేవి. చదువుకున్న మనం వేసేవాటిలో సగం చేతులు కట్టుకుని నిలబడలేక వేసేవి. మందు మంచిదా చెడ్డదా అన్నది ఆ తర్వాతి మాట. సారు చెప్పిన "తెలీదు" అన్న మాట అందరూ చెప్పలేరు. రోగి కొడుకు కాళ్ళ మీద పడి ఏడుస్తుంటే చెప్పడానికి చాలా గుండె ఉండాలి.

గౌరమ్మ మంచం పక్కనే నేల మీద కూర్చుండిపోయాడు అప్పలనాయుడు. నేను అటు వెళ్ళినప్పుడల్లా తలెత్తి, "నా సూది వొల్లేనా మేడమ్?" అని అడిగేవాడు. "ఇప్పుడా మాటెందుకు, లేచి ఏమైనా తిను" అని తప్పించుకునేదాన్ని. నిజం చెప్తే కుప్పకూలిపోతాడేమో, అబద్ధం చెప్తే రేపు ఊరెళ్ళి మళ్ళీ అదే సూది తీస్తాడు. ఏం చెప్పను?

మూడోనాడు పొద్దున్న నేను వార్డులోకి అడుగుపెట్టేసరికి సిస్టర్ కేకలు వినబడ్డాయి. పరిగెత్తాను. చూస్తే గౌరమ్మ మాస్కు పక్కకి లాగేసి, సిస్టరు చెయ్యి పట్టుకుని బతిమాలుతోంది.

"ఒక్క సుట్ట ఇయ్యమ్మా. నీకు పున్నెముంటాది. ఒక్క దమ్ము."

ఆక్సిజన్ పక్కన చుట్టేమిటని సిస్టరు అరుస్తుంటే నేను నవ్వలేక, ఏడవలేక మంచం కమ్మీ పట్టుకుని నిలబడిపోయాను. అంత అందమైన మాట ఆ వార్డులో నేను మరొకటి వినలేదు.

తల్లి తీర్పు

గౌరమ్మ దిండుకి ఆనుకుని కూర్చునే స్థితికి వచ్చాక, సారు రౌండ్స్‌లో ఆగారు. అప్పలనాయుడు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్ననే తల్లి ఎదుట ఆయన్ని అడిగాడు. "నిజం సెప్పండి బాబూ. నా సూది వొల్లేనా?"

నేను సారుకి కళ్ళతో సైగ చేశాను, వద్దని. ఆయన పట్టించుకోలేదు.

"అవును నాయుడూ. జబ్బు తెచ్చింది నువ్వు కాదు. కానీ నీ సూది దాన్ని కప్పెట్టింది. జ్వరం అలాగే ఉండి ఉంటే మొదటి రెండు రోజుల్లోనే కంగారుపడి తెచ్చేవాడివి. మాత్రలతో పోయేది."

అప్పలనాయుడు గోడకి తిరిగి వెక్కివెక్కి ఏడ్చాడు. గౌరమ్మే పిలిచింది.

"ఒరే, ఇలగ రా. రారా! ఏటా ఏడుపు, ఆడపిల్లలాగ." చెయ్యి పట్టి మంచం మీద కూర్చోబెట్టుకుంది. ఇంకా ఆయాసం ఉంది, ఆగి ఆగి మాట్లాడింది. "నువ్వెయ్యకపోతే నానే అడిగి ఏయించుకుందును. తల నొప్పికి సచ్చిపోతంటే నీ సూదే కదరా నిద్దరోనిచ్చినాది. నీ సెయ్యి మంచిదే. నాను కాదనను."

ఊపిరి తీసుకుంది.

"గానీ ఒరే, నాను నీ అమ్మని. ఊపిరాడకపోతే ఎత్తుకుని ఇక్కడికి పరిగెట్టినావు. ఊల్లో ఇంకోల అమ్మ నీ సూదేయించుకుని, జొరం తగ్గిపోనాదని ఇంటికెల్లి తొంగుంటే, ఆలమ్మని ఎవుడెత్తుకుంటాడ్రా?"

అతను తల్లి చేతిని రెండు చేతులతో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. సారు టార్చి జేబులో పెట్టుకుని పక్క మంచానికి నడిచారు. ఆయన కళ్ళు తడిసి ఉన్నాయని నేను చూశాను, చూడనట్టు ఊరుకున్నాను.

ఒక మధ్యాహ్నం

గౌరమ్మ బతికింది గదా, స్టిరాయిడ్ ఇవ్వకపోవడమే మంచిదని తేలిపోయినట్టే అని మీరనుకుంటారేమో. నేనూ ఒకసారి సారుతో అలాగే అన్నాను. తిట్టారు. "ఒక్క మనిషిని చూసి తేల్చేస్తే నీకూ నాయుడికీ తేడా ఏముంది? ఇచ్చినా బతికేదేమో, ఇంకో రోజు ముందే లేచేదేమో. నీకేం తెలుసు?" ఆ ప్రశ్నకి నా దగ్గర ఈ రోజుకీ జవాబు లేదు. మీలో ఎవరికైనా ఓపికుంటే తేల్చండి, సంతోషిస్తాను. తేలేదాకా మాత్రం తెలిసినట్టు మాట్లాడకండి.

అదే వానాకాలంలో, ఓపీ ముగించి చేతులు కడుక్కుంటున్నాను. బయట ఎవరో గట్టిగా దెబ్బలాడుతున్నారు. వెళ్ళి చూస్తే అప్పలనాయుడి మోటారు సైకిలు. ముందు అతను, వెనక ఒకతను, ఇద్దరి మధ్యా నలిగిపోతూ ఒక పడుచుపిల్ల. వెనకున్నవాడు ఆమె మొగుడు. బండి దిగీ దిగకముందే నా మీద పడ్డాడు.

"సూడండమ్మా ఈడి అన్నేయం! సూది సంచీలో ఎట్టుకుని ఎయ్యనంటాడు! మా యావిడ దారి పొడుగూ ఏడుత్తానే ఉన్నాది. ఊరోలం అందరం బతిమాలినాం. ఆలమ్మ గౌరమ్మ కూడా ఎయ్యొద్దన్నాది. ఏటి మనుసులమ్మా ఈలు!"

అప్పలనాయుడు తిట్లన్నీ నోరెత్తకుండా పడ్డాడు. పిల్లని జాగ్రత్తగా దించి బల్ల మీద కూర్చోబెట్టాడు. చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది.

"ఏటీ ఎయ్యనేదు మేడమ్," అన్నాడు. "ఒక పేరాసిట్మాల్ బిల్ల, అంతే. జొరం జొరంలాగే ఉన్నాది. మా యమ్మ గదిలోకి తీసుకెల్లి ఒళ్ళంతా సూసినాది. చంకలో ఉన్నాదట."

సారు వచ్చారు. పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి, ఒక్క క్షణం అలాగే ఉంచారు. పెనంలా కాలిపోతోంది. జ్వరాన్ని ముట్టుకుని ఒక డాక్టరు ముఖం అలా విప్పారడం నేను మళ్ళీ చూడలేదు. నేను తెర వేసి చంక చూశాను. అక్కడే ఉంది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. ఇన్నాళ్ళకి స్టిరాయిడ్ చుక్క పడని రోగి మా చేతికొచ్చింది.

"సార్, మన లాటరీ..." అన్నాను.

"ఈ పిల్లకి లాటరీ ఎందుకమ్మా? ముదిరితే కదా! మాత్రలిచ్చి, కడుపునిండా అన్నం పెట్టించండి."

మొగుడు ఇంకా గొణుగుతూనే ఉన్నాడు. అప్పలనాయుడు గోడవారగా నిలబడ్డాడు, తిట్లు తినడానికి వచ్చినవాడిలా. సారు తన కుర్చీ తనే లాగి అతని ముందు వేశారు.

"కూర్చోండి నాయుడుగారూ," అన్నారు. "మీరిలా తెస్తూ పోతే నా పరిశోధనకి ఇంక రోగులు దొరకరండీ."

ఆ ఊరి నుంచి నిజంగానే దొరకలేదు.